ఉతకని గొంగడి

బీరవ్వ అల్మారా తలుపు తీయగానే బియ్యపు గింజంత రెక్కలపురుగు ఒకటి చీరల మడతలోంచి బయటికొచ్చింది. వెలుతురు తగలగానే మళ్లీ మడతలోకే ఉరికింది.

"సుగుణా, ఇటు రా బిడ్డా. మీ ఆఫీసోళ్లు వచ్చిండ్రు," అని పిలిచింది.

సుగుణ తల దువ్వుకుంటూ దువ్వెన జుట్టులోనే ఉంచి వచ్చింది. నగరంలోని వస్త్ర మ్యూజియంలో ఆమె పదిహేనేళ్లుగా పురుగుల శాస్త్రవేత్త. ఇంట్లో మాత్రం బొద్దింకను చూసినా తల్లినే పిలుస్తుందని బీరవ్వ అందరికీ చెబుతుంది.

"ఎగిరిందా, ఉరికిందా?"

"ఉరికింది. దొంగ లెక్క."

"లైటు దిక్కు పోలే?"

"సీకట్లకే పోయింది."

"అయితే బట్టల పురుగే. బియ్యంల పుట్టేదైతే లైటు సుట్టూ తిరుగుతది." సుగుణ ఫోన్ లైటు వేసి, చీరలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టసాగింది. నూలు చీరలకు ఏమీ కాలేదు. ఆ పురుగుకు నూలు రుచించదు. పట్టు, ఉన్ని కావాలి. అడుగున, పాత దుప్పటిలో చుట్టి ఉన్న నల్లటి గొంగడి చేతికి తగిలింది. విప్పి చూస్తే లోపల సన్నటి దారాలతో అల్లిన గొట్టాలు, వాటి పక్కన నల్లటి ఇసుకలాంటి రెట్ట. ఉన్ని ఏ రంగైతే రెట్ట కూడా అదే రంగు. రెండుచోట్ల వేలు దూరేంత రంధ్రం పడింది.

బీరవ్వ ఆ రంధ్రాల మీద చెయ్యి పెట్టి కూర్చుంది. పురుగు కనపడినప్పటి నవ్వు ఆమె ముఖంలో లేదు.

ఆ గొంగడి సుగుణ తండ్రి ఐలయ్యది. తమ మంద గొర్రెల బొచ్చే. బీరవ్వ వడికింది, ఊళ్లో నేయించారు, చింతగింజల గంజి పెట్టారు. ముప్పై ఒక్క ఏళ్లు ఎండకు, వానకు, చలికి ఆయన భుజం మీదే ఉంది. వానొస్తే ఒక మూల టోపీలా మడిచి కొప్పెర చేసి తలమీద వేసుకునేవాడు. ఏడాదికోసారి ఎండలో పరిచి కట్టెతో దులపడమే తప్ప దాన్ని ఎవరూ ఉతికింది లేదు. మూడేళ్ల కింద ఆయన పోయాక బీరవ్వ బోడుప్పల్‌లో కూతురి ఇంటికి వచ్చింది. గొంగడిని మడిచి తలకింద పెట్టుకుంటే గానీ ఆమెకు నిద్ర పట్టదు. ఈ ఎండాకాలం వేడికి తట్టుకోలేక మూడు నెలలు అల్మారాలో పెట్టింది. కదలకుండా ఉండే బట్టే పురుగుకు కావలసింది.

"నాకియ్యి అవ్వా. మ్యూజియంల పెట్టి పురుగు పోగొట్టి తెస్త. ఇంకెప్పుడు పట్టకుండ గూడ చేస్త."

"ఎన్ని దినాలు?"

"ఐదు వారాలు."

"ఉతుకుతరా?"

"ఉతకం."

"సబ్బు?"

"సబ్బు గాదు, సుక్క నీళ్లు గూడ తగలనియ్య. సరేనా?"

బీరవ్వ గొంగడిని ముఖానికి ఒకసారి ఆనించుకుని కూతురి చేతిలో పెట్టింది.

ఆ ప్లాస్టిక్ సంచిని ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నప్పుడు సుగుణకు కలిగింది సంతోషమే. ఐదేళ్లుగా తను వెతుకుతున్న బట్ట దొరికిందనుకుంది.

*

మ్యూజియంలో శాలువాలు, రత్నకంబళ్లు, పాత డేరాలు, గుర్రపు జీను కింద వేసే ఉన్ని పరుపులు కలిపి ఆరువేల పైచిలుకు ఉన్నాయి. ఏటా కొన్ని బోడి అవుతున్నాయి. చిన్నవాటిని ప్లాస్టిక్‌లో చుట్టి మైనస్ ముప్పై చలిగదిలో పన్నెండు రోజులు ఉంచితే గుడ్డుతో సహా పురుగు చస్తుంది. కానీ ఇరవై గజాల కంబళి ఆ గదిలో పట్టదు. ఒకప్పుడు చల్లిన మందుల వల్ల పురుగుల కంటే ముందు ఖాజా మియా ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ముప్పై ఏళ్లుగా బట్టల గదుల అటెండరు ఆయన. టార్చి, మెత్తటి బ్రష్షు పట్టుకుని ఒక్కో మడత విప్పి చూడటమే ఆయన పని. మెట్లు ఎక్కితే దగ్గు వస్తుంది.

"మేడమ్, మీ సాధు పురుగులు నా రిటైర్మెంట్ లోపల వస్తయా, నా పోతురాజు మీసం తెల్లబడ్డంక వస్తయా?" అని ఏడాదికోసారి అడిగేవాడు. ఆయనకు మీసమే లేదు.

సాధు పురుగు అన్న పేరు కూడా ఆయన పెట్టిందే. మామూలు పురుగు పొట్టలో ఉన్నిపోగును తెంపి అరిగించే ఒక రసం ఉంటుంది. సుగుణ తన గాజు పెట్టెల్లో తరం తర్వాత తరం పెంచుతూ ఆ రసం ఊరని పురుగును తయారు చేసింది. అది ఉన్నిని కొరకలేదు. ఉన్నికి అంటుకున్న చెమట, చర్మం పొట్టు, నూనె, అన్నం మరక తిని బతుకుతుంది. దాని మగపురుగులు బయటి ఆడపురుగులతో కలిస్తే పుట్టేవన్నీ సాధువులే. మూడేళ్లలో మ్యూజియం మొత్తంలో ఉన్ని తినే పురుగు ఒక్కటీ మిగలదు. 'పదేళ్లలో నగరంలోని ప్రతి ఇంటి బట్టల అల్మారాకు ఈ రక్షణ అందుతుంది' అని నిధుల దరఖాస్తులో సుగుణే రాసింది.

చివరి పరీక్షకు ఏళ్ల తరబడి మనిషి ఒంటిమీద ఉండి, ఎప్పుడూ ఉతకని ఉన్నిబట్ట కావాలి. మ్యూజియంలోని ప్రతిదాన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో ఉతికారు.

"ఇది ఎవరిది మేడమ్?" ఖాజా మియా గొంగడిని బల్ల మీద పరుస్తూ అడిగాడు.

"మా నాయినది."

ఆయన చేతిలోని బ్రష్షు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, మళ్లీ గొంగడిని పట్టుకున్నాడు.

మొదట చలిగదిలో పాత పురుగును చంపారు. తర్వాత గాజు పెట్టెలో గొంగడి మీద రెక్కలు రాని నాలుగు వందల సాధు పురుగు పిల్లలను వదిలారు. మూడు వారాలు అవి కనిపించీ కనిపించకుండా తిరిగాయి. సుగుణ రోజూ ఫొటోలు తీసి, పోగులు లెక్కపెట్టింది. ఇంటికి వెళ్తే బీరవ్వ రోజూ ఒకే ప్రశ్న.

"ఇయ్యాల ఏం జేసిండ్రు దాన్ని?"

"ఏం జెయ్యలే. ఉత్తగనే ఉన్నది."

"ఉత్తగుంటే ఇంటికే తేవొచ్చు గదా," అని గొణుక్కుంటూ ఆమె ఒట్టి దిండు మీద తల పెట్టుకునేది.

మూడో వారం చివర, వాటికి రెక్కలొచ్చి గుడ్లు పెట్టకముందే, నాలుగు వందలూ లెక్కపెట్టి ఏరేశాక ఫలితం వచ్చింది. పోగు నష్టం సున్నా. కొత్త రంధ్రం ఒక్కటీ లేదు. డైరెక్టర్ రఘునందన్ గారు ఆ కాగితాన్ని నిలబడే రెండుసార్లు చదివారు. ఆయన మామూలుగా ఎవరినీ పొగడరు. ఆ రోజు మిరపకాయ బజ్జీలు తెప్పించి, తనే ప్లేట్లలో పెట్టి ఇచ్చారు.

"వచ్చే సోమవారం వదిలేద్దాం. నువ్వు సంతకం పెట్టడమే ఆలస్యం," అన్నారు.

*

ఆదివారం మధ్యాహ్నం సుగుణ గొంగడిని తెచ్చి తల్లి ఒళ్లో పెట్టింది. రంధ్రాలకు ఖాజా మియా నల్లదారంతో రఫ్ఫు చేశాడు. ఎక్కడ చిరిగిందో తెలియడం లేదు.

బీరవ్వ మురిపెంగా విప్పింది. ముఖానికి ఆనించుకుంది. తర్వాత దాన్ని తిప్పి ఇంకో మూల ఆనించుకుంది. కొప్పెర చేసినప్పుడు తలమీదికొచ్చే చోటు వెతికి, అక్కడ ముక్కు పెట్టి చాలాసేపు ఉంది.

"ఇది మీ నాయినది కాదు."

"నాయినదే అవ్వా. ఇగో, నువ్వేసిన ఎర్రదారం కుట్టు."

బీరవ్వ ఆ కుట్టును బొటనవేలితో తడిమింది. "కుట్టు నాదే. గొంగడి గూడ గదే." దాన్ని ఒళ్లోకి దించి, "ఇందుల ఆయిన లేడు," అంది.

"నేను ఉతకలే అవ్వా. నీ మీద ఒట్టు."

"నువ్వు ఉతికినవని అంటలేను గదనే."

సుగుణ గొంగడిని తీసుకుని వాసన చూసింది. ఎండలో ఆరిన గడ్డి వాసన, అదీ లీలగా. అంతే. చిన్నప్పుడు మందలో తండ్రి పక్కన పడుకుని, ఊపిరాడక దీన్ని తోసేసిన రోజులు గుర్తున్నాయి. ఏ వాసనకు ఊపిరాడలేదో అది మాత్రం ఎంత తలుచుకున్నా రాలేదు.

బీరవ్వ ఏడవలేదు. లేచి వంటగదిలోకి వెళ్లి, పొయ్యి మీది పప్పు కలిపి వచ్చింది. గొంగడిని ఇంటికొచ్చిన బంధువుల బట్టలు మడిచినట్టు జాగ్రత్తగా మడిచి, అటక మీద సూట్‌కేసుల పక్కన పెట్టమంది.

"తలకింద పెట్టుకోవా?"

"దిండున్నది గదా."

పొద్దు వాలుతుండగా ఇద్దరూ బాల్కనీలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నారు. మాట బీరవ్వే మొదలుపెట్టింది.

"గొర్రె తన పిల్లను ఎట్ల గుర్తువడుతది, చెప్పు?"

"వాసనతోని."

"మందల నూరు పిల్లలుంటయి. అన్ని ఒక్క తీరుగనే ఉంటయి, ఒక్క తీరుగనే ఒర్రుతయి. తల్లి ఒక్కొక్క దాన్ని మూతితోని నూకుకుంట వచ్చి, తనదాని కాడ ఆగుతది. ఒకేడు మీ నాయిన, బురదల పడ్డదని ఒక పిల్లను చెరువుల మంచిగ కడిగి తెచ్చిండు. తల్లి దాన్ని దగ్గరికి రానియ్యలే. కాళ్లతోని తన్నింది. పిల్ల తెల్లగ, ముద్దుగున్నది. తన్నులు తిన్నది."

"మరి ఏం జేసిండు?"

"ఏం జేస్తడు? సంకల పెట్టుకుని సీసపాలు తాపిండు. వారం దినాలు నా దిక్కు మాట్లాడలే, నేనే కడగమన్ననని."

"నువ్వే అన్నవా?"

"అన్న. గలీజుగున్నదని." బీరవ్వ చిక్కుడు గింజ ఒకటి ఒలిచి పళ్లెంలో వేసింది. "తెల్వక చేసేటియి మస్తుంటయి బిడ్డా. అన్నిటికి కూసుండి ఏడుస్తమా."

ఆమె కూతుర్ని ఓదార్చడానికే చెప్పింది. సుగుణ ఈనె తీయడం మర్చిపోయి పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయింది.

*

సోమవారం ఆఫీసు తెరవగానే సుగుణ తన నివేదికను మళ్లీ ముందేసుకుంది. పరీక్షకు ముందు గొంగడి బరువు, తర్వాత బరువు. తేడా నలభై ఎనిమిది గ్రాములు. దాని ఎదురుగా తన చేతిరాతతోనే ఉంది: 'మురికి.' ఆ మురికే ముప్పై ఒక్క ఏళ్లు దాన్ని కప్పుకున్న మనిషి. తను పోగు లెక్కపెట్టింది, రంధ్రం కొలిచింది, రంగు చూసింది. ఇంతమంది చదువుకున్నవాళ్లలో వాసన చూడాలని ఒక్కరికీ తోచలేదు. తోచినా దాన్ని నష్టం కింద ఎవరూ రాయరు. తను మాత్రం రాసేదా?

పది గంటలకు డైరెక్టర్ గదిలో కూర్చుంది. బల్ల మీద విడుదల పత్రం, దాని మీద పెన్ను ఉన్నాయి. పక్కగదిలో నాలుగు వేల సాధు పురుగులు గాజు పెట్టెల్లో సిద్ధంగా ఉన్నాయి.

"నేను పెట్టను సార్."

రఘునందన్ గారు కళ్లద్దాలు తీశారు. "ఏమైంది? పరీక్షలో ఏదైనా తప్పు దొర్లిందా?"

"తప్పు లేదు. అవి చెప్పిన పని చేసినయి. మేమే తక్కువ కొలిచినం." జరిగింది చెప్పింది. తల్లి అన్న మాట కూడా చెప్పింది.

ఆయన విసుక్కోలేదు. అది ఆమెకు ఇంకా కష్టంగా ఉంది. "అమ్మగారి విషయం నాకు అర్థమైంది సుగుణా. చాలా బాధగా ఉంది. కానీ మన కంబళ్లను వాసన చూసేవాళ్లు ఎవరున్నారు? నేయించినవాళ్లు పోయి రెండొందల ఏళ్లయింది. మనకు కావలసింది బట్ట నిలబడటం."

"ఇక్కడికైతే నేనూ ఒప్పుకుందును సార్. ఇవి ఇక్కడ ఆగుతాయా? ఖాజా భాయ్ చొక్కాకు ఒక గుడ్డు అంటుకుంటే చాలు. చూడటానికొచ్చేవాళ్ల సంచులున్నాయి. పదేళ్లలో ఇంటింటికీ పోతాయని మనమే రాసినం."

"అవును, మంచిదే కదా అని రాశాం."

"చచ్చిపోయినవాళ్ల శాలువా ఒకటి ప్రతి ఇంట్లో ఉంటది. పసిపిల్లల్ని పడుకోబెట్టే పాత పట్టుచీర ఉంటది. ఒకసారి వదిలితే ఏ ఇంటికి పోవద్దో చెప్పలేం. వెనక్కి పిలవలేం."

"ఆ శాలువాలను మామూలు పురుగైనా తింటుంది కదమ్మా. అప్పుడు వాసనతో పాటు బట్ట కూడా పోతుంది."

బయట కారిడార్‌లో ఖాజా మియా దగ్గు వినిపిస్తోంది.

"తింటుంది సార్," అంది చివరికి. "అది ఒక మూల తింటే మనకు తెలుస్తుంది. బట్ట తీసి దులుపుకుంటాం, ఎండకేస్తాం, ఇంకో మూల మిగులుతుంది. ఇవి తిన్నది తెలియను కూడా తెలియదు. బట్ట బాగుందని సంతోషపడతాం. నేను వారం రోజులు సంతోషపడ్డ."

ఆయన పెన్ను తీసి జేబులో పెట్టుకున్నారు. "ఐదేళ్లు, సుగుణా."

"తెలుసు సార్."

"పై కమిటీ ముందు నువ్వే చెప్పాలి. నీ పేరుమీద ఇంకో ప్రాజెక్టు వస్తుందని నేను మాటివ్వలేను."

"చెప్తాను."

ఖాజా మియాకు చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. ఆయన గాజు పెట్టెల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మొత్తం విన్నాడు.

"అంటే మళ్ల టార్చి, బ్రష్షు."

"అవును భాయ్."

"నా దమ్ము సంగతి?"

"మందు చల్లం. అది మాత్రం ఎన్నడూ చల్లనియ్యను. పొద్దున ఎనిమిదింటికి వచ్చి నేను గూడ మడతలు చూస్త. నిచ్చెన మీద పనులన్నీ నావి."

"మీరు నిచ్చెన ఎక్కుతరా? బొద్దింకకు భయపడే మనిషి." ఆయన నవ్వలేదు. లేచి ఒక పెట్టె అందుకున్నాడు. ఇద్దరూ కలిసి పద్దెనిమిది పెట్టెలను చలిగదిలోకి మోశారు. ఆఖరి పెట్టెలో లేత బంగారు రంగు రెక్కలు అద్దం మీద అటూ ఇటూ ఉరుకుతున్నాయి. సుగుణ కంటే ముందు ఆయనే తలుపు వేసి, కడ్డీ దించాడు.

తర్వాత రెండు రోజులు ఆయన ఆమెతో పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. మూడో రోజు ఆమె ఎనిమిదింటికి వచ్చేసరికి పెద్ద కంబళి పక్కన నిచ్చెన వేసి ఉంది. పై మెట్టు మీద కొత్త టార్చి పెట్టి ఉంది.

*

శనివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక సుగుణ తల్లికి అంతా చెప్పింది. అన్నిటికంటే ముందు, గొంగడి మీద ఆ పురుగులను వదిలింది తనేనని చెప్పింది. చలిగదిలో పెడితే చాలని తెలిసి కూడా తన పరీక్ష కోసం వదిలానని చెప్పింది.

బీరవ్వ తమలపాకుకు సున్నం రాయడం ఆపింది.

"నన్ను అడిగినా ఇద్దును," అంది.

"తెలుసు అవ్వా. అందుకనే చెప్తున్న."

"గా పురుగులన్ని సచ్చినయా?"

"సచ్చినయి."

"నీ కొలువు?"

"ఉంటది. కొత్త పనులు ఇయ్యకపోవచ్చు."

"నా కోసమా ఇదంత?"

"నీ ఒక్కదాని కోసం కాదు."

బీరవ్వ ఆకు మడిచి దవడకు పెట్టుకుంది. "దాన్ని అటక మీదికెల్లి తియ్యి. ఇంట్ల పెట్టుకుని ఏం జేస్త? మీ మ్యూజియంల పెట్టుండ్రి. మంచి నేత. సిద్ధిపేట దిక్కు ఇప్పుడు గట్ల ఎవ్వరు నేస్తలేరు. సూసేటోళ్లన్న సూస్తరు."

"నిజంగ ఇస్తవా?"

"ఇచ్చిన. కాగితాలేమన్న ఉంటే రాసుకో, మల్ల మనసు మార్తది."

సుగుణ బ్యాగులోంచి వస్తువుల ఫారం తీసింది. రంగు, నేత, కొలత, చిరుగులు, ఎవరిచ్చారు. గడులన్నీ నింపింది. అడుగున కాస్త చోటు మిగిలింది. స్కేలు లేక పళ్లెం అంచు పెట్టి ఇంకో గడి గీసి, 'వాసన' అని రాసింది.

"చెప్పు అవ్వా. నాయిన దాని మీద ఎట్లుండె?"

"గిది గూడ రాస్తరా?"

"ఇప్పటి నుంచి రాస్తం."

బీరవ్వ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. "మొదలు గొర్రెపాలు. పచ్చిపాలు కాదు, బొచ్చు మీద ఆరినయి."

సుగుణ రాసింది.

"యాపనూనె. గొర్రెల పుండ్లకు రాసిన చేతులు దీనికే తుడిచేటోడు, ఎన్నిసార్లు తిట్టిన్నో. వానకు తడిసి సగం ఆరిన బొచ్చు. జొన్నరొట్టె, కొసలు మాడింది. ఇంక సుట్ట."

"సుట్ట మానేసిండు గదా? నేను తొమ్మిదిల ఉన్నప్పుడే."

"నీకు జెప్పిండు మానేసిన్నని."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే సుగుణ కళ్లు తుడుచుకుని 'చుట్ట' అని రాసింది. రాస్తుంటే ఆ మాటల్లోంచి తండ్రి వస్తాడేమోనని చూసింది. భుజం వచ్చింది, చేతి కర్ర వచ్చింది. వాసన రాలేదు.

"ఇంకేమన్నా?"

బీరవ్వ కళ్లు మూసుకునే ఉంది. పెదవి చివర సన్నటి నవ్వు కదిలింది. ఆ నవ్వు సుగుణ ఎప్పుడూ చూడనిది. ఎప్పటిదో, సుగుణ పుట్టకముందటిదై ఉండాలి.

"ఇంకోటున్నది."

"చెప్పు, రాస్త."

"అది రాసేది కాదు. పిల్లలకు జెప్పేది గూడ కాదు."

సుగుణ ఆ గడిలో ఒక వరస ఖాళీగా వదిలి, కింద తారీఖు వేసింది.